మీకు తెలుసా? గోడకున్న ఎర్ర సిలిండర్ సంగతులు

ఆఫీసు మెట్ల పక్కన, బట్టల షాపు బిల్లింగ్ కౌంటర్ వెనక, హోటల్ వంటగది గుమ్మం దగ్గర, పెట్రోలు బంకులో రోజూ కనిపిస్తూనే ఉంటుంది. ఫైర్ ఎన్‌వోసీ కోసం కొంటారు, మేకు కొట్టి తగిలిస్తారు, ఆ తర్వాత దాని ఊసెత్తరు. ఆయుధపూజ నాడు పసుపు రాసి బొట్టు పెడతారు కాబట్టి ఏడాదికోసారి దుమ్మయినా వదులుతుంది. ఆ ఎర్ర సిలిండర్ గురించి చాలామందికి తెలియని సంగతులు కొన్ని, తెలిసీ పట్టించుకోనివి కొన్ని ఇవి.

● ఆరు కిలోల పౌడర్ సిలిండర్ లీవర్ నొక్కి పట్టుకుంటే మొత్తం ఖాళీ కావడానికి సాధారణంగా 20 సెకన్లు కూడా పట్టదు. కారులో పెట్టుకునే కిలో సిలిండర్ 10 సెకన్లు దాటడం కష్టం. సినిమాలో హీరో గోదామంతా తిరుగుతూ చిమ్ముతుంటాడు గానీ నిజంగా అంతసేపు రాదు. ఉన్న ఆ కాసిని సెకన్లలో మొదటి నాలుగైదు కంగారులో ఎగసిపడే మంట మీద వృథా అయిపోతాయి. పౌడర్ పోవాల్సింది పైకి లేచే మంట మీదికి కాదు, దాని మొదట్లోకి, అంటే కాలుతున్న వస్తువు మీదికి. ఆరేడు అడుగుల దూరంలో నిలబడి, మంట అడుగున అటూ ఇటూ ఊపుతూ నెమ్మదిగా ముందుకు జరగాలి. ఆరుబయట అయితే గాలి వీపు వైపు నుంచి వచ్చేలా చూసుకోవాలి. పెట్రోలు, థిన్నర్ లాంటివి డబ్బాలో మండుతుంటే మరీ దగ్గరికెళ్లి కొట్టకూడదు. ఆ విసురుకు మండే ద్రవమే చింది నాలుగు పక్కలా పడుతుంది.

● సిలిండర్ చేతిలో ఉండి కూడా పనిచేయకపోవడానికి ఒక మామూలు కారణం ఉంది. కంగారులో పై లీవర్‌ని, కింది పిడిని కలిపి గుప్పిట బిగించి పిన్ను లాగుతారు. లీవర్ నొక్కుకున్నంతసేపూ పిన్ను బిగుసుకునే ఉంటుంది. సిలిండర్‌ని కింద ఆనించి, లీవర్‌ని వదిలేసి, పిన్నును కాస్త మెలితిప్పి లాగితే సన్నటి ప్లాస్టిక్ సీలు తెగి ఇట్టే వచ్చేస్తుంది. కొన్ని ఆఫీసుల్లో పిన్ను ఎవరైనా పీకేస్తారని ఇనుప తీగతో చుట్టి పెడతారు. మంటలంటుకున్నాక కటింగ్ ప్లయర్ వెతుక్కునే తీరిక ఉంటుందని వాళ్ల నమ్మకం కాబోలు.

● సిలిండర్ మీద రాసి ఉండే ఎ, బి, సి అక్షరాలు నాణ్యతకు మార్కులు కావు. ఏ రకం మంటకు పనికొస్తుందో చెప్పే గుర్తులు. మన దేశంలో ఎ అంటే కాగితం, కలప, గుడ్డ, పత్తి లాంటివి. బి అంటే పెట్రోలు, కిరోసిన్, పెయింటు వంటి మండే ద్రవాలు. సి అంటే వంటగ్యాస్ వంటి వాయువులు. డి అంటే మెగ్నీషియం, సోడియం లాంటి లోహాలు. అమెరికాలో ఉన్న మన తెలుగువాళ్లు మాత్రం జాగ్రత్తగా చదువుకోవాలి. అక్కడ సి అంటే కరెంటు మంట, గ్యాస్ మంటలు బి కిందికే వస్తాయి. వంటనూనె మంటకు ఐరోపా పద్ధతిలో ఎఫ్ అని, అమెరికాలో కె అని రాస్తారు. హైదరాబాద్‌లో నేర్చుకున్న పాఠం డాలస్‌లో అక్షరం మారిపోతుంది.

● మరి కరెంటు మంటకు మన దగ్గర అక్షరం ఎందుకు లేదు? కరెంటు తనంతట తాను మండదు కాబట్టి. వైరు మీది ప్లాస్టిక్, బోర్డు చెక్క, ట్రాన్స్‌ఫార్మర్ నూనె మండుతాయి. మెయిన్ ఆపేస్తే అది మళ్లీ ఎ రకమో, బి రకమో అవుతుంది. ఆపే దాకా నీళ్లు, ఫోమ్ దగ్గరికి రానివ్వకూడదు. ఆఫీసుల్లో ఇంకో చిక్కు ఉంది. మెయిన్ ఆపినా యూపీఎస్, ఇన్వర్టర్ బ్యాటరీలు ఆ లైనుకు కరెంటు ఇస్తూనే ఉంటాయి. పైకప్పు మీద సోలార్ పలకలున్న చోట పగటిపూట ఆ లైనూ బతికే ఉంటుంది. మీ ఆఫీసులో వీటి స్విచ్చులు ఎక్కడున్నాయో ఎలక్ట్రీషియన్‌కి తప్ప మరొకరికి తెలుసా?

● వంటగది మంటను ఆర్పే ద్రవం మండే నూనెను సబ్బుగా మారుస్తుంది. అవును, నిజంగానే సబ్బు. పొటాషియం లవణాలు కలిపిన ఆ ద్రవాన్ని వెట్ కెమికల్ అంటారు. సన్నటి తుంపరగా కాగే నూనె మీద పడగానే పైన నురగ సబ్బు పొర కడుతుంది, గాలి అందకుండా చేస్తుంది, నూనెను చల్లారుస్తుంది. నీళ్లు పోస్తే ఏమవుతుంది? నీళ్లు నూనె కంటే బరువు, అందుకని అడుక్కి దిగి ఒక్క క్షణంలో ఆవిరవుతాయి. లీటరు నీళ్లు ఆవిరైతే దాదాపు 1700 లీటర్ల జాగా కావాలి. ఆ ఆవిరి పైకి తన్నుకొస్తూ మండే నూనెను కూడా తుంపరలుగా విసురుతుంది, పైకప్పు దాకా మంట లేస్తుంది. మామూలు పౌడర్ కొడితే మంట ఆరినట్టే ఉండి, నూనె ఇంకా మరుగుతూనే ఉంటుంది కాబట్టి మళ్లీ అంటుకోవచ్చు. మిర్చిబజ్జీల బండికి ఇదంతా అక్కర్లేదు, బాణలి మీద సరిగ్గా పట్టే మూత పెట్టి స్టవ్ ఆపితే చాలు. కానీ నలభై యాభై లీటర్ల నూనె కాగే క్యాంటీన్‌లో, స్వీట్ల తయారీ షెడ్డులో వెట్ కెమికల్ లేకపోవడం క్షమించరానిది. చాలాచోట్ల లేదు.

● కార్బన్ డయాక్సైడ్ సిలిండర్‌కి ఒత్తిడి చూపే గేజ్ ఉండదు. ఖర్చు తగ్గించడానికి తీసేసింది కాదు, పెట్టినా ఉపయోగం లేదు. లోపల ద్రవం కొంచెమైనా మిగిలి ఉన్నంతకాలం, వాతావరణ వేడి మారనంత వరకు, ఒత్తిడి ఒకేలా ఉంటుంది. ఇంట్లో గ్యాస్ బండ చివరిదాకా ఒకే మంట ఇచ్చి ఉన్నట్టుండి ఆగిపోయినట్టే. ఎంత మిగిలిందో తూకం వేస్తేనే తెలుస్తుంది. ఖాళీ బరువు, నింపిన బరువు సిలిండర్ మీదే గుద్ది ఉంటాయి. గ్యాస్ పదో వంతు తగ్గిందంటే రీఫిల్‌కి పంపాల్సిందే. మీ ఆఫీసులో ఈ సిలిండర్‌ని తూచడానికి ఎవరైనా కాటా తెచ్చారా? తేకుండానే తనిఖీ చేశామని సంతకం పెట్టి ఉంటే ఆ సంతకానికి విలువ లేదు.

● అదే గ్యాస్‌కి మన ఎండలతో ఒక పేచీ ఉంది. 31 డిగ్రీలు దాటితే కార్బన్ డయాక్సైడ్ ఎంత ఒత్తిడి పెట్టినా ద్రవంగా ఉండదు. 20 డిగ్రీల దగ్గర 57 బార్లు ఉండే ఒత్తిడి, నిండు సిలిండర్‌లో 45 డిగ్రీలకు రెట్టింపు దాటుతుంది. రామగుండంలోనో రెంటచింతలలోనో మే నెల మధ్యాహ్నం నేరుగా ఎండ పడే గోడకు దాన్ని తగిలించడం ఎంత తెలివితక్కువో దీన్నిబట్టి చూసుకోండి. ఒత్తిడి హద్దు దాటితే పగిలి గ్యాస్‌ని బయటికి వదిలే రక్షణ బిళ్ల వాల్వ్‌లో ఉంటుంది. అది సిలిండర్ పేలకుండా కాపాడుతుంది, కాకపోతే మర్నాడు మీ దగ్గర ఉండేది ఖాళీ సిలిండర్. ఈ ఒత్తిడికి తట్టుకోవాలనే దాని ఉక్కు అంత మందంగా ఉంటుంది, నాలుగున్నర కిలోల గ్యాస్‌ని మోయాలంటే నడుం పట్టేస్తుంది.

● ఆ సిలిండర్ నల్లటి గొట్టాన్ని, అంటే హార్న్‌ని, చేత్తో పట్టుకోకూడదు. బయటికి దూకే గ్యాస్ అక్కడే మైనస్ 78 డిగ్రీల మంచుపొడిగా మారుతుంది, చర్మం అతుక్కుని గాయమవుతుంది. చిన్న గదిలో వాడేటప్పుడు ఇంకో ముప్పు. 10 అడుగుల పొడవు, వెడల్పు, ఎత్తు ఉన్న సర్వర్ గదిలో నాలుగున్నర కిలోల సిలిండర్ మొత్తం వదిలితే గాలిలో దాని వాటా 8 శాతం దాటుతుంది. ఆ మోతాదులో కొద్ది నిమిషాల్లోనే స్పృహ తప్పవచ్చు. కొట్టండి, వెంటనే బయటికి వచ్చి తలుపు మూసేయండి.

● ఏబీసీ పౌడర్‌లో ముఖ్యమైన పదార్థం మోనో అమ్మోనియం ఫాస్ఫేట్, ఎరువుల కర్మాగారాల్లోనూ తయారయ్యే ఉప్పు. వేడికి అది కరిగి కాలుతున్న కట్టె మీద గాజులాంటి పొరగా అంటుకుంటుంది. పాతరకం బీసీ పౌడర్‌లో ఉండేది సోడియం బైకార్బొనేట్, అంటే మన వంటసోడా. అది కాగితం, కలప మంటల మీద నిలవదు. ఏబీసీలోనూ అంతా ఒకటి కాదు. బిల్లు మీద మ్యాప్ 50, మ్యాప్ 90 అని రాస్తారు, ఆ అంకె పౌడర్‌లో ఫాస్ఫేట్ ఎంత శాతమో చెబుతుంది. రెండు కొటేషన్ల మధ్య ధర తేడా ఎందుకొచ్చిందో తెలియాలంటే ముందు ఈ అంకె చూడండి. తక్కువ ధర కొటేషన్‌లో చాలాసార్లు ఆ అంకే కనిపించదు.

● ఇంత గొప్ప పౌడర్‌ని కంప్యూటర్ల గదిలో కొడితే మంట ఆరుతుంది, దాంతో పాటు కంప్యూటర్లూ పోతాయి. ఆ మెత్తటి పొడి ప్రతి సందులోకీ దూరి, గాలిలో తేమ పీల్చుకుని లోహాన్ని తింటుంది. ఎమ్మారై గదిలో అయితే సమస్య పౌడర్ కాదు, సిలిండరే. మామూలు ఇనుప సిలిండర్‌ని ఆ అయస్కాంతం చేతిలోంచి లాక్కుని విసురుగా తనమీదికి లాగేసుకుంటుంది. అక్కడికి అయస్కాంతానికి అంటని లోహంతో చేసినవి విడిగా దొరుకుతాయి. ఆసుపత్రుల వాళ్లు కొనేటప్పుడు అడిగి మరీ తీసుకోవాల్సిన వస్తువు ఇది.

● పౌడర్ సిలిండర్ గేజ్ ముల్లు పచ్చరంగులో ఉందంటే లోపల నైట్రోజన్ ఒత్తిడి ఉందని మాత్రమే అర్థం. పౌడర్ ఉందని గానీ, అది గడ్డకట్టలేదని గానీ కాదు. తేమ తగిలితే పౌడర్ రాయిలా బిగుస్తుంది. అప్పుడు లీవర్ నొక్కితే గాలి మాత్రం బుస్సున పోతుంది. గేజ్‌తో పాటు తూకం కూడా చూడాలనేది అందుకే.

● కాస్త నొక్కి చూసి, పనిచేస్తోంది కదా అని తిరిగి గోడకు తగిలించారా? అది ఇక పనిచేయదనే అనుకోండి. ఒక్కసారి పౌడర్ వాల్వ్ గుండా పోతే రబ్బరు సీటు దగ్గర రేణువులు ఇరుక్కుపోతాయి, వాల్వ్ పూర్తిగా మూసుకోదు, కొద్ది గంటల్లోనో రోజుల్లోనో ఒత్తిడంతా కారిపోతుంది. రెండు సెకన్లు వాడినా రీఫిల్ తప్పదు.

● సిలిండర్‌కీ ఆయుర్దాయం ఉంటుంది. ఎంపిక, అమరిక, సంరక్షణ గురించి మన దేశంలో ఉన్న నియమావళి ఐఎస్ 2190. దాని 2010 నాటి కూర్పు ప్రకారం నీళ్లు, ఫోమ్, పౌడర్ సిలిండర్లు 10 ఏళ్లు, కార్బన్ డయాక్సైడ్‌వి 15 ఏళ్లు వాడాక పక్కన పెట్టేయాలి. ఈలోగా పౌడర్‌వి మూడేళ్లకోసారి, కార్బన్ డయాక్సైడ్‌వి ఐదేళ్లకోసారి హైడ్రాలిక్ పరీక్ష చేయించాలి, అంటే నీళ్లు నింపి అధిక ఒత్తిడి పెట్టి డొక్క గట్టిగా ఉందో లేదో చూడాలి. ఏటా రీఫిల్ చేయించే ఆఫీసులు కూడా ఈ పరీక్ష సంగతి మరిచిపోతాయి. సముద్రపు గాలి తగిలే విశాఖ, కాకినాడ రేవుల్లో, రసాయనాల ఆవిర్లుండే ఫ్యాక్టరీల్లో సిలిండర్ అడుగు రింగు దగ్గర తుప్పు ముందుగా పడుతుంది. తిరగేసి చూడండి, గోడకున్నప్పుడు కనిపించదు.

● రీఫిల్ పేరుతో స్టిక్కర్ మాత్రం మార్చి బిల్లు చేతిలో పెట్టేవాళ్లు ఉన్నారు. వాళ్లను పట్టుకోవడం తేలికే. పంపేముందు ప్రతి సిలిండర్ నంబరు, బరువు రాసి పెట్టుకోండి, అడుగున మార్కర్‌తో ఓ గీత గీయండి. అంతకంటే మంచి ఉపాయం ఇంకొకటి ఉంది. గడువు తీరే సిలిండర్లను రీఫిల్‌కి ఇచ్చేముందు ఆవరణలో ఇనప ట్రేలో చిన్న మంట పెట్టించి, తెలిసినవాళ్లు పక్కన ఉండగా, మీ సిబ్బంది చేతే కొట్టించండి. ఎటూ పారబోయాల్సిన పౌడరే. ఇందులో రెండు లాభాలు. అటెండర్ నుంచి మేనేజర్ దాకా పిన్ను లాగడం ఒక్కసారైనా చేతికి అలవాటవుతుంది. సిలిండర్లు వాపసు వచ్చినప్పుడు నింపకుండా నింపామని చెప్పే వీలుండదు.

● ఎక్కడున్నా 15 మీటర్లు నడిచేలోపు ఒక సిలిండర్ అందాలి. ఐఎస్ 2190 పెట్టిన లెక్క ఇది. గోడల్ని చీల్చుకుపోయే సరళరేఖ కాదు, బల్లలు, బీరువాలు, పార్టిషన్లు చుట్టి నడిచే దూరం. ఉండాల్సింది బయటికి పోయే దారిలో, గుమ్మం దగ్గర, తేలిగ్గా దించుకునే ఎత్తులో. మూల స్టోర్‌రూమ్‌లో కాదు. తలుపు మూసుకుపోకుండా దానికి అడ్డంగా పెట్టడానికి అసలే కాదు.

● రైల్వేస్టేషన్లలో, పాత సినిమా హాళ్లలో వేలాడే ఎర్ర ఇసుక బకెట్ల అడుగు గుండ్రంగా ఎందుకుంటుంది? నేలమీద పెడితే నిలవకూడదని. నిలిచే బకెట్ అయితే ఎవరో ఒకరు నేల తుడవడానికో నీళ్లు పట్టుకోవడానికో పట్టుకుపోతారు. మనుషుల్ని బాగా తెలిసినవాడే దీన్ని చేసి ఉంటాడు. ఆ బకెట్‌లోని పొడి ఇసుకను చిన్నచూపు చూడకండి. మెగ్నీషియం పొట్టు అంటుకున్నప్పుడు నీళ్లు పోస్తే హైడ్రోజన్ పుట్టి ఇంకా రెచ్చిపోతుంది, కార్బన్ డయాక్సైడ్ కొడితే ఆ గ్యాస్‌లో కూడా మండుతూనే ఉంటుంది. లోహాల కోసం చేసిన ప్రత్యేక పౌడర్ లేనప్పుడు, చిన్న మంటైతే, పొడి ఇసుకే గతి. తడి ఇసుక వద్దు. ఇప్పుడు ఆ బకెట్లలో ఎక్కువగా కనిపించేవి గుట్కా ఉమ్ములు, టీ కప్పులు.

● మొదటి తరం ఆర్పే యంత్రం పేలి మంటను ఆర్పేది. 1723లో లండన్‌లో అంబ్రోస్ గాడ్‌ఫ్రే అనే రసాయన శాస్త్రజ్ఞుడు ద్రవం నింపిన పీపా మధ్య తుపాకిమందు పెట్టాడు. మందు అంటుకుంటే పీపా పగిలి ద్రవం నలుదిక్కులా చిమ్ముతుంది. ఈమధ్య మార్కెట్లో అమ్ముతున్న ఫైర్ బాల్, మంటలోకి విసిరితే పేలి పౌడర్ చిమ్మేది, ఇంచుమించు అదే ఆలోచన. ఇప్పటి సిలిండర్‌కి అసలైన పూర్వీకుణ్ణి చేసింది మాత్రం ఇంగ్లండ్‌కి చెందిన కెప్టెన్ జార్జ్ మాన్బీ. 1813లో ఎడిన్‌బరోలో పెద్ద అగ్నిప్రమాదం చూశాక, రాగి పాత్రలో సుమారు 13 లీటర్ల పొటాష్ నీళ్లు నింపి, పైన గాలిని ఒత్తిడితో బిగించాడు. పేరు ఎక్స్‌టింక్టర్. లోపల ఒత్తిడి, పైన వాల్వ్, చేత్తో మోసుకుపోయే పాత్ర అనే పద్ధతి నేటికీ అదే. 1904లో బాకు చమురు బావుల మంటలు తెలిసిన రష్యా ఉపాధ్యాయుడు అలెగ్జాండర్ లోరాన్ ఫోమ్‌ని తెచ్చాడు. 1924లో టెలిఫోన్ స్విచ్‌బోర్డుల మంటల కోసం అమెరికాలో వాల్టర్ కిడ్డే కంపెనీ కార్బన్ డయాక్సైడ్ సిలిండర్‌ని తయారుచేసింది.

● ఒకప్పుడు కార్లలో, ఫ్యాక్టరీల్లో పెట్టుకున్న ఒక మందు ఆర్పేవాడికే ముప్పుగా ఉండేది. 1910ల నుంచి కొన్ని దశాబ్దాలు చేతి పంపుల్లో, గాజు బుడ్లలో కార్బన్ టెట్రాక్లోరైడ్ వాడారు. మంట ఆరేది. కానీ ఆ వేడికి అది ఫాస్జీన్‌గా మారేది. మొదటి ప్రపంచయుద్ధంలో సైనికుల మీద ప్రయోగించిన విషవాయువు అదే. తర్వాత వచ్చిన హేలాన్ మనిషికి అంత ప్రమాదం కాకుండా మంటను చక్కగా ఆర్పింది, కాకపోతే పైన ఓజోన్ పొరకు చిల్లు పెట్టింది. 1987 మాంట్రియల్ ఒప్పందం దాన్ని పక్కకు నెట్టింది, 2010 నాటికి మన దేశంలోనూ ఉత్పత్తి ఆగిపోయింది. విమానాల్లో మాత్రం ఇప్పటికీ చాలాచోట్ల హేలాన్ సిలిండర్లే. దాని స్థానంలో క్లీన్ ఏజెంట్ పేరుతో అమ్మేవన్నీ ఒకటి కావు. మన మార్కెట్లో బాగా తిరిగిన హెచ్‌సీఎఫ్‌సీ 123 కూడా ఓజోన్‌ని కొద్దిగా దెబ్బతీసే జాతిదే. ఎఫ్‌కే 5-1-12 అనే ద్రవం చూడటానికి అచ్చం నీళ్లే, 49 డిగ్రీలకే మరిగి ఆవిరైపోతుంది కాబట్టి ఫైలు మీద పోసినా తడి మిగలదు. ధర చూస్తే తడిసేది మన కళ్లే.

● పత్తి బేలు పైన మంట ఆరినంత మాత్రాన లోపల ఆరినట్టు కాదు. ఆదిలాబాద్, వరంగల్, గుంటూరు జిన్నింగ్ మిల్లుల వాళ్లకు ఇది కొత్త సంగతి కాదు. బేలు గర్భంలో పొగ లేకుండా రగులుతూ ఉండి మర్నాడు తెల్లవారుజామున మళ్లీ లేస్తుంది. పౌడర్ పై మంటను చంపుతుంది గానీ చల్లబరచదు. పత్తి, మిర్చి, కాగితం, కలప నిల్వలున్న చోట ఏబీసీ సిలిండర్లు వరసగా పెట్టుకుని ధీమాగా ఉండేవాళ్లకు నీళ్ల సిలిండర్, హోస్‌రీల్ ఎందుకో చెప్పడం కష్టంగా ఉంటుంది. తడిపి, విప్పి, చెదరగొట్టి, మళ్లీ తడిపితేనే ఆ నిప్పు చస్తుంది.

● లిథియం బ్యాటరీ మంట ఈ అక్షరాల్లో దేనిలోనూ సరిగ్గా ఇమడదు. 2022 సెప్టెంబరు 12 రాత్రి సికింద్రాబాద్‌లో లాడ్జి కింద ఉన్న ఎలక్ట్రిక్ స్కూటర్ల షోరూమ్ అంటుకుంటే, పై అంతస్తుల్లో దిగిన వాళ్లలో 8 మంది చనిపోయారు. ఒక సెల్ వేడెక్కి చెడితే ఆ వేడికి పక్కది, దాని వేడికి ఇంకోటి అంటుకుంటూ పోతాయి. పౌడర్ కొడితే పై మంట తగ్గుతుంది, లోపలి వేడి తగ్గదు, గంటల తర్వాత కూడా మళ్లీ రాజుకుంటుంది. చల్లబరచడానికి కావాల్సింది చాలా నీళ్లు, అది ఫైరింజన్ పని. ఆఫీసు చేయగలిగింది ముందే చేయాలి. స్కూటర్ల చార్జింగ్ పాయింట్లు మెట్ల కింద, లిఫ్ట్ ముందు, బయటికి పోయే ఒకే ఒక్క దారిలో పెట్టకూడదు. అపార్ట్‌మెంట్ సెల్లార్లకూ ఇదే మాట.

● ఆర్పగలిగినా ఆర్పకూడని మంట ఒకటుంది. లీకయ్యే గ్యాస్ సిలిండర్ నోటి దగ్గర మండుతోంది, రెగ్యులేటర్ ఆపే వీలు లేదు అనుకోండి. మంట ఆర్పితే గ్యాస్ మండకుండా గదిలోకి చేరుతుంది. గాలి కంటే బరువు కాబట్టి నేల మీద పరుచుకుంటుంది, ఎక్కడో ఫ్రిజ్ స్విచ్ నిప్పురవ్వకు గది గదంతా పేలుతుంది. గ్యాస్‌ని ఆపగలిగితేనే మంటను ఆర్పాలి. లేదంటే అందర్నీ దూరంగా పంపేసి 101కి ఫోన్ చేయాలి, చుట్టుపక్కల వస్తువుల్ని తడపడం శిక్షణ ఉన్నవాళ్ల పని.

● మంట కంటే పొగ తీసుకున్న ప్రాణాలే ఎక్కువ. 2020 ఆగస్టు 20 రాత్రి శ్రీశైలం ఎడమగట్టు భూగర్భ జలవిద్యుత్ కేంద్రంలో మంటలు లేచినప్పుడు సొరంగమంతా పొగ నిండి 9 మంది ఇంజినీర్లు, సిబ్బంది చనిపోయారు. 2023 మార్చి 16న సికింద్రాబాద్ స్వప్నలోక్ కాంప్లెక్స్‌లో చనిపోయిన 6 మందీ ఇరవైల్లో ఉన్న ఉద్యోగులు, వాళ్ల ఊపిరి ఆపేసింది కూడా పొగే. అందుకే సిలిండర్ పట్టుకునేవాళ్లు గుమ్మాన్ని వీపు వైపు ఉంచుకుని నిలబడాలి. మంట చెత్తబుట్ట అంత ఉన్నంతవరకే మీ పని. అది మనిషెత్తు దాటినా, పొగ తలెత్తుకు దిగినా, ఒక సిలిండర్ ఖాళీ అయ్యాక కూడా మంట మిగిలి ఉన్నా, వదిలేసి బయటికి రావాలి, వస్తూ తలుపు మూయాలి. ఆస్తి కాపాడబోయి లోపల చిక్కుకోమని ఏ యజమానీ అడగకూడదు, అడిగినా వినకూడదు.

● పైకప్పుకు వేలాడే స్ప్రింక్లర్‌కో, తనంతట తానే తెరుచుకునే సిలిండర్‌కో ఉండే చిన్న గాజు గొట్టం రంగును బట్టి అది ఎంత వేడికి పగులుతుందో చెప్పవచ్చు. నారింజ రంగుది 57, ఎరుపు 68, పసుపు 79, ఆకుపచ్చ 93 డిగ్రీలకు. లోపలి ద్రవం వ్యాకోచించి గాజును పగలగొడుతుంది, పైనుంచి నీళ్లో, క్లీన్ ఏజెంటో, పౌడరో కురుస్తుంది. కరెంటు ప్యానెళ్ల మీద, రాత్రిళ్లు ఎవరూ ఉండని స్టోర్‌రూముల్లో ఈ రకం సిలిండర్లు పెట్టడం తెలివైన పని. వాటికి పెయింట్ వేయకండి. గోడలకు సున్నం వేసే కుర్రాడికి ఈ మాట ముందే చెప్పాలి.

● కొనేటప్పుడు ఐఎస్ఐ గుర్తు ఒక్కటే చూస్తే సరిపోదు, దాని కింద సీఎం/ఎల్ అని మొదలయ్యే లైసెన్స్ నంబరు ఉండాలి. బీఐఎస్ కేర్ అనే ప్రభుత్వ యాప్‌లో ఆ నంబరు కొడితే లైసెన్స్ ఎవరిదో, నడుస్తోందో లేదో షాపులో నిలబడే చూసుకోవచ్చు. చేతి సిలిండర్లకు వర్తించే ప్రమాణం ఐఎస్ 15683. ఇంకో మాట, అందరూ ఎత్తగలిగే బరువు కొనండి. తొమ్మిది కిలోల పౌడర్ సిలిండర్‌కి డొక్క బరువు కూడా కలుస్తుంది. రాత్రి డ్యూటీలో ఉన్న నర్సు, స్కూలు ఆయా దాన్ని గోడ మీంచి దించలేకపోతే, ఆరు కిలోలో నాలుగు కిలోలో ఉన్నవి రెండు పెట్టడం మేలు.

● ఏటా ఏప్రిల్ 14 నుంచి 20 దాకా దేశమంతటా అగ్నిమాపక వారోత్సవాలు జరుగుతాయి. 1944 ఏప్రిల్ 14న బొంబాయి రేవులో పత్తి బేళ్లు, పేలుడు పదార్థాలు కలిపి మోసుకొచ్చిన ఫోర్ట్ స్టికీన్ ఓడ అంటుకుని పేలింది, మంటలార్పడానికి వెళ్లిన 66 మంది అగ్నిమాపక సిబ్బంది చనిపోయారు. వాళ్ల జ్ఞాపకార్థమే ఆ తేదీ. ఆ వారంలో ఫైర్ స్టేషన్ల వాళ్లు ఆఫీసులకు, స్కూళ్లకు, ఆసుపత్రులకు, బస్టాండ్లకు వచ్చి సిలిండర్ ఎలా వాడాలో చేసి చూపిస్తారు. మీ ప్రాంతపు స్టేషన్ ఆఫీసర్‌కి ఒక కాగితం మీద రాసి మీ ఆఫీసుకూ రమ్మని అడగండి. వచ్చినప్పుడు చూసి చప్పట్లు కొట్టి ఊరుకోకండి, సిలిండర్ మీ చేతికి ఇమ్మనండి.